పుట్టుకా, కోరికా? ఫాంటసీ కథల్లో శక్తి ఎవరికి, ఏ రూపంలో దక్కుతుంది

ఫాంటసీ కథలు ఇష్టపడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగువు ఒకటుంది. ఫలానా పాత్రకి ఆ శక్తి ఎందుకొచ్చింది? రక్తంలో ఉంది కాబట్టా, ప్రాణం పెట్టి కోరుకుంది కాబట్టా? రక్తమే కారణమని కథ చెబితే "పుట్టుకతోనే గెలిచినవాడి కథలో ఇక చూడ్డానికేముంది" అంటారు. కోరికే కారణమంటే "గట్టిగా ఏడిస్తే మంటలు పుడతాయా" అంటారు. రెండు అభ్యంతరాల్లోనూ నిజం ఉంది. అయితే రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి: పుట్టుక, కోరిక ఒకే పని కోసం పోటీ పడుతున్నాయని అనుకోవడం.

బాగా అల్లిన కథల్లో ఈ రెండింటి పనులు వేరు. పుట్టుకతో వచ్చింది ఎక్కువగా హద్దు గీస్తుంది. ఈ పాత్రకి ఏది సాధ్యం, ఎంత దూరం సాధ్యం అన్నది అక్కడ తేలుతుంది. ఆ హద్దు లోపల శక్తి ఏ రూపం తీసుకుంటుంది, ఎవరి మీద పనిచేస్తుంది, ఏ క్షణంలో మొండిచెయ్యి చూపిస్తుంది అన్నది కోరిక తేలుస్తుంది. ఈ తేడా దగ్గర పెట్టుకుని చూస్తే చాలా కథల్లోని చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి. కొన్ని కథలు ఎందుకు బెడిసికొట్టాయో కూడా తెలుస్తుంది.

ముందు నాలుగు మాటలు విడదీసుకోవాలి

చర్చల్లో వంశం, స్వభావం, కోరిక, సంకల్పం అనే నాలుగూ కలిసిపోతుంటాయి.

వంశం అంటే తల్లిదండ్రుల నుంచో, జాతి నుంచో వచ్చినది. పాత్ర దాన్ని ఎంచుకోలేదు, వదులుకోలేదు. స్వభావం కూడా చాలావరకు పుట్టుకతోనే వస్తుంది కానీ అది ఆ మనిషికి మాత్రమే సొంతం. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు మొండి, ఇంకొకరు సర్దుకుపోయే రకం కావచ్చు. కోరిక జీవితంలో పుడుతుంది. ఒక దెబ్బ తగిలాకో, ఒకరు దూరమయ్యాకో, చూడకూడనిది చూశాకో మొదలవుతుంది. సంకల్పం అంటే ఆ కోరికని ఈ క్షణంలో ఈ పనికి ఎక్కుపెట్టడం. ప్రతీకారం కావాలని ఏళ్ళ తరబడి రగిలిపోవడం కోరిక. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద చెయ్యి ఎత్తడం సంకల్పం. మొదటిది కొండంత ఉండి రెండోది రాని పాత్రలు ఫాంటసీలో చాలామందే ఉన్నారు. వాళ్ళ మంత్రాలు సగంలో ఆరిపోతాయి.

కోరికలోనే ఇంకో చీలిక ఉంది. పైకి చెప్పుకునేది ఒకటి, తనకే తెలియకుండా లోపల ఉండేది ఇంకొకటి. ఏ శక్తి వ్యవస్థనైనా అర్థం చేసుకోవాలంటే అది ఈ రెంటిలో దేని మాట వింటుందో కనుక్కోవాలి. దీని సంగతి చివర్లో చూద్దాం, ఎందుకంటే అన్నిటికంటే భయంకరమైన కథలు అక్కడే ఉన్నాయి.

వంశం: లోపలికి ఎవరు రావచ్చు

వంశం చేసే పని సూటిగా ఉంటుంది. ఎవరికి ప్రవేశం ఉంది, ఎవరికి లేదు అని చెబుతుంది. బ్రాండన్ శాండర్సన్ 2006లో మొదలుపెట్టిన 'మిస్ట్‌బార్న్' నవలల్లో లోహాలు మింగి, వాటిని ఒంట్లో 'మండించి' శక్తి పొందే విద్య ఉంది. ఇనుము మండిస్తే చుట్టుపక్కల లోహాన్ని లాగొచ్చు, ఉక్కు మండిస్తే నెట్టొచ్చు, తగరం మండిస్తే కళ్ళూ చెవులూ పదునెక్కుతాయి. ఇది రక్తంలో వచ్చేది, అదీ మొదట్లో ప్రభువుల వంశాల్లో. అయితే రక్తం ఒక్కటే చాలదు. తీవ్రమైన దెబ్బో, బాధో తగిలి ఆ శక్తి 'విరిగి' బయటపడాలి. అందుకే ఆ ప్రపంచంలోని పెద్దింటివాళ్ళు తమ పిల్లల్లో శక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి వాళ్ళని కొట్టిస్తారు. ఒక్క నియమం నుంచి ఒక సమాజపు క్రూరత్వం ఎలా పుట్టుకొచ్చిందో చూడండి. వంశాన్ని వాడుకోవాలంటే ఇలా వాడుకోవాలి.

గమనించాల్సింది ఇంకొకటుంది. ఎవరికి ఏ లోహం పనిచేస్తుందన్నదాన్ని ఈ కథ స్వభావంతో ముడిపెట్టదు. కోపిష్టి అయితే ఒకటి, నెమ్మదస్తుడైతే ఇంకొకటి అనే లెక్క లేదు. ఇక్కడ పుట్టుక అర్హత ఇచ్చి తప్పుకుంటుంది. మిగతాదంతా నేర్పు, లోహం నిల్వ, తెలివి.

వంశాన్ని అంకెల్లోకి దించితే ఏమవుతుందో 'స్టార్ వార్స్' చూపించింది. 1977లో వచ్చిన మొదటి సినిమాలో 'ఫోర్స్' అనేది ప్రాణులన్నిటినీ కలిపి ఉంచే ఒక శక్తి. 1999లో వచ్చిన సినిమాలో అది రక్తపరీక్షలో దొరికే సూక్ష్మజీవుల సంఖ్య అయింది. చిన్నారి అనాకిన్‌కి ఆ సంఖ్య 20,000 దాటిందని తేలుతుంది. అభిమానుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. మొదటి సినిమాలోనూ వారసత్వం ఉంది, తండ్రి జెడై (ఫోర్స్‌ని వాడే యోధుడు) అయితే కొడుకూ అవుతాడు. కాబట్టి ఇబ్బంది వారసత్వంతో కాదు. పరీక్ష ఫలితం ముందే వచ్చేశాక పాత్ర మనసులో జరిగేదానికి విలువ పడిపోయినట్టు అనిపించింది, అదీ బాధ.

స్వభావం: రూపం దిద్దే చెయ్యి

స్వభావానికీ శక్తికీ ఉన్న లంకెని అంకెలతో సహా పని చేయించి చూపిన కథ యోషిహిరో తొగాషి మాంగా (జపాన్ బొమ్మల కథ) 'హంటర్ హంటర్'. 1998లో మొదలైంది. అందులో 'నెన్' అనే ప్రాణశక్తిని ఆరు తరగతులుగా చేశారు: ఉన్నదాన్ని బలపరచడం, శక్తి గుణం మార్చడం, లేని వస్తువుని సృష్టించడం, ఇతరులనో వస్తువులనో ఆడించడం, శక్తిని దూరానికి విసరడం, దేనికీ చెందని ప్రత్యేకం. ప్రతి మనిషీ పుట్టుకతో ఒక తరగతికి చెందుతాడు.

ఎవరిది ఏ తరగతో తేల్చే పరీక్ష చాలా చిన్నది. నిండుగా నీళ్ళు పోసిన గ్లాసు మీద ఒక ఆకు వేసి, చేతులు దగ్గర పెట్టి శక్తి పంపాలి. నీళ్ళు పెరిగి పొంగితే బలపరిచే రకం. నీళ్ళ రుచి మారితే గుణం మార్చే రకం. రంగు మారితే విసిరే రకం. నీళ్ళలో నలకలు తేలితే సృష్టించే రకం. ఆకు కదిలితే ఆడించే రకం. ఇవేవీ కాకుండా ఇంకేదైనా జరిగితే ప్రత్యేకం.

అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ఈ ఆరింటినీ ఒక షడ్భుజి మూలల్లో పెట్టారు. సొంత తరగతిలో మనిషి 100 శాతం సాధించగలడు. పక్కనున్న తరగతుల్లో 80, ఆ పైవాటిలో 60, ఎదురు మూలలో 40. 'ప్రత్యేకం' మాత్రం అందులో పుట్టనివాళ్ళకి సున్నా. అంటే బలపరిచే రకం మనిషి ఒకే కష్టాన్ని ఐదు చోట్ల పెడితే తన దాంట్లో 100, గుణం మార్చడంలోనూ విసరడంలోనూ 80 చొప్పున, సృష్టించడంలోనూ ఆడించడంలోనూ 60 చొప్పున దక్కుతుంది. ఈ ఐదింటిలో ఏదీ పూర్తిగా నిషేధం కాదు, కానీ తన గుణానికి ఎదురీదితే కష్టం వృథా అవుతుంది. పుట్టుక ఇక్కడ గోడ కట్టలేదు, వాలు కట్టింది.

స్వభావాన్ని బట్టి తరగతి చెప్పొచ్చని హిసోకా అనే పాత్ర అంటాడు: బలపరిచేవాళ్ళు సూటిమనుషులు, గుణం మార్చేవాళ్ళు చపలచిత్తులు, అబద్ధాలకోరులు, సృష్టించేవాళ్ళు ఊరికే కంగారుపడే రకం, ఇలా. అది ఆ పాత్ర అంచనాయే తప్ప ఆ ప్రపంచపు నియమం కాదు. తొగాషి దాన్ని అంచనాగానే వదిలేయడం నాకు చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది. నియమం చేసి ఉంటే పాత్రలన్నీ రాశిఫలాల్లా తయారయ్యేవి.

ఈ వ్యవస్థలో కోరిక ఎక్కడ అడుగుపెడుతుందో కురపిక పాత్రలో చూడాలి. తన తెగని చంపిన ముఠా మీద పగ తీర్చుకోవాలన్నది అతని కోరిక. అందుకు ముఖాముఖి పోరాడే బలం కావాలనుకున్నాడు. పరీక్షలో తేలింది వేరు: అతను సృష్టించే రకం. బలపరిచే విద్యలో అతనికి దక్కేది 60 శాతమే. ఇక్కడ పుట్టుక "కాదు" అనేసింది. కోరిక వెనక్కి తగ్గకుండా దారి మళ్ళింది. ఏ వస్తువుని సృష్టిస్తావని గురువు అడిగితే గొలుసు అన్నాడు, దుర్మార్గుల్ని కట్టిపడేసేది కాబట్టి. తర్వాత రోజుల తరబడి నిజం గొలుసుతోనే బతికాడు. తాకుతూ, చూస్తూ, బొమ్మ గీస్తూ, నాకి రుచి చూస్తూ, ఆ చప్పుడు వింటూ. కలల్లో గొలుసు రావడం మొదలయ్యాక గురువు అసలు గొలుసుని లాక్కున్నాడు. అప్పుడు, లేని గొలుసు చేతికి తగలసాగింది.

అయినా బలం చాలలేదు. ఆ లోటు పూడ్చడానికి ఒక ప్రతిజ్ఞ చేశాడు: ఒక ప్రత్యేకమైన గొలుసుని ఆ ముఠా వాళ్ళ మీద తప్ప ఎవరి మీదా వాడను, వాడితే నా ప్రాణం పోవాలి. నెన్‌లో హద్దు ఎంత బిగిస్తే శక్తి అంత పెరుగుతుంది. అంటే కోరిక ఎంత ఇరుకైతే అంత పదును. దీంట్లో ఒక దారుణమైన న్యాయం కూడా ఉంది. ఆ ఆయుధం అతన్ని ఎవరి నుంచైనా కాపాడగలదు అనుకుంటే పొరపాటు. ముఠాలో లేని ఏ శత్రువు ముందైనా అది ఉరితాడే.

కళ్ళు ఎరుపెక్కినప్పుడు కురపికకి అన్ని తరగతుల్లోనూ 100 శాతం సామర్థ్యం వస్తుంది. అలా ఎరుపెక్కే కళ్ళు అతని తెగ రక్తంలో ఉన్నవి. ఆ సామర్థ్యానికి వెల, వాడిన ప్రతి సెకనుకీ ఆయుష్షులో ఒక గంట. లెక్క వేసి చూడండి. ఒక నిమిషం వాడితే 60 గంటలు, అంటే రెండున్నర రోజులు. ఒక గంట వాడితే 3,600 గంటలు, సరిగ్గా 150 రోజులు. రక్తం ఇచ్చిన వరాన్ని కోరిక ఎంత ఆత్రంగా ఖర్చుపెడుతుందో ఆ అంకెలో కనిపిస్తుంది.

రెంటికీ లొంగని మూడోది

ఇక్కడొక చిక్కుంది. అదే కథలో కిల్లువా గుణం మార్చే రకం, తన శక్తిని విద్యుత్తుగా మారుస్తాడు. విద్యుత్తే ఎందుకు? అతను కోరుకోలేదు. రక్తంలోనూ లేదు. హంతకుల కుటుంబంలో పుట్టి, శిక్షణ పేరుతో చిన్నప్పటి నుంచీ కరెంటు షాకులు తిన్నాడు కాబట్టి ఆ అనుభూతి అతనికి ఒంటబట్టింది. పుట్టుక హద్దు గీసింది, జీవితం ముడిసరుకు ఇచ్చింది, కోరిక తర్వాత ఎప్పుడో వచ్చి దాన్ని వేరే పనికి వాడుకుంది. 'పుట్టుకా, కోరికా' అనే ప్రశ్న రెండు ముక్కలతో సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కోరిక ఇంధనమైతే

కోరికని చాలా కథలు ఇంధనంగానే వాడతాయి. కోపం వస్తే మంట పెద్దదవుతుంది, ప్రేమ పొంగితే గాయం మానుతుంది. ఇది సులువు కాబట్టే త్వరగా అరిగిపోతుంది. దీన్ని శ్రద్ధగా వాడింది 2005లో మొదలైన కార్టూన్ సీరీస్ 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'. యువరాజు జుకో నిప్పుని ఆడించగలడు. అవతార్‌ని (నాలుగు భూతాలనీ ఆడించగల ఒకే ఒక్కణ్ణి) పట్టుకుని తండ్రి మెప్పు పొందాలనే కసి అతన్ని నడిపించింది. మూడో సీజన్‌లో అతను పక్షం మారి, మంచివాళ్ళతో చేరాక నిప్పు రాదు. వచ్చినా దమ్ముండదు. మంచివాడయ్యాడు కాబట్టి బలం పెరుగుతుందనుకునే ప్రేక్షకుడికి ఇది చెంపపెట్టు. కసి పోయింది, దాంతో పాటు ఇంధనమూ పోయింది. పాత కసిని తిరిగి తెచ్చుకోవడం దీనికి మార్గం కాదు. ప్రాచీన గురువులైన డ్రాగన్ల దగ్గర నిప్పంటే విధ్వంసం కాదని, ప్రాణమని తెలుసుకున్నాకే అతని మంట మళ్ళీ లేస్తుంది.

ఇదే కథలో స్వభావం అడ్డు తగిలే సంగతీ ఉంది. ఆంగ్ నాలుగు భూతాలనీ ఆడించగల అవతార్, అర్హతకి లోటు లేదు. కానీ మట్టి విద్య నేర్చుకునేటప్పుడు ఒక బండరాయి కూడా కదలదు. గాలి విద్యలో పెరిగినవాడు, ఏ కష్టం ఎదురైనా పక్కకి తప్పుకోవడం అతని తీరు. మట్టికి ఎదురు నిలబడేవాడు కావాలి. అర్హత నూటికి నూరు ఉన్నా స్వభావం ఒప్పుకోకపోతే పని జరగదని ఆ ఒక్క పాఠం చెబుతుంది.

హ్యారీ పాటర్ నవలల్లో సంకల్పం ఎలా పరీక్షకి నిలుస్తుందో 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో ఉంది. తన ఆప్తుణ్ణి చంపిన బెలాట్రిక్స్ మీద హ్యారీ చిత్రహింస మంత్రం వేస్తాడు. ఆమె కింద పడుతుంది కానీ మంత్రం నిలవదు. న్యాయమైన కోపం చాలదనీ, బాధపెట్టడాన్ని నిజంగా కోరుకోవాలనీ, అందులో ఆనందం ఉండాలనీ ఆమే చెబుతుంది. హ్యారీకి మంత్రం తెలుసు, శక్తి ఉంది, కసి కూడా ఉంది. లేనిది ఆ ప్రత్యేకమైన కోరిక.

కోరిక తాళమైతే

అదే వరసలోని మొదటి పుస్తకం చివర, 1997లో, ఇంకా సున్నితమైన ఏర్పాటు ఉంది. మనిషి గుండెలోతుల్లోని కోరికని చూపించే అద్దంలో మహిమ గల రాయిని దాచారు. దుష్టుడు అద్దం ముందు నిలబడితే రాయిని తన యజమానికి అందిస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ రాయి చేతికి రాదు. హ్యారీ నిలబడగానే అద్దంలోని హ్యారీ రాయిని జేబులో వేసుకుంటాడు, నిజం జేబులో ఏదో బరువుగా పడుతుంది. ఏర్పాటు ఇది: రాయి దొరకాలని కోరుకుని, దాన్ని వాడుకోవాలని కోరుకోనివాడికే అది దక్కుతుంది.

దీన్ని దగ్గరగా చూస్తే రెండు కోరికల మధ్య సన్నటి గీత కనిపిస్తుంది. 'కావాలి' అన్నది ఇద్దరిదీ ఒకటే. 'ఎందుకు కావాలి' దగ్గర దారులు చీలాయి. ఇక్కడ పుట్టుకకి పనే లేదు. ఎంత గొప్ప మాంత్రికుడైనా ఈ తాళం తీయలేడు, ఎందుకంటే అది నైపుణ్యాన్ని అడగడం లేదు.

వరాల కథల్లో ఉన్న లెక్క

మన పురాణ కథలు ఈ విషయంలో చాలా ముందున్నాయి. వరాల కథల్లో చాలావాటిలో తపస్సుకి మంచిచెడ్డలు అడ్డురావు. దీక్ష నిలిస్తే దేవుడు ప్రత్యక్షం కావాల్సిందే, ఎదురుగా ఉన్నది రాక్షసుడైనా సరే. అర్హత శ్రమతో వస్తుంది, శక్తి రూపం మాత్రం అడిగిన మాటని బట్టి వస్తుంది.

హిరణ్యకశిపుడి వరాన్ని ఈ కళ్ళతో మళ్ళీ చూడండి. మనిషి చేత కాదు, మృగం చేత కాదు. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఆయుధంతో కాదు. అతను కోరినది చావు లేకపోవడం. అడిగినదేమో తన భయాల జాబితా. వరం ఆ జాబితాని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. జంటలు జంటలుగా రాసుకున్న ప్రతి చోటా మధ్యలో ఒక సందు మిగిలింది: మనిషీ మృగమూ కలిసిన రూపం, సంధ్యవేళ, గడప, ఒడి, గోళ్ళు. నరసింహుడు ఆ వరంలోని ఒక్క మాటనీ మీరలేదు. శక్తి బలహీనత బయటి నుంచి రాలేదు, కోరిక రాసుకున్న తీరులోనే ఉంది. నా దృష్టిలో ఫాంటసీ రాసేవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. ఆ పాఠం మన ఇంటి కథలోనే ఉంది.

భస్మాసురుడిది ఇంకా చిన్న లెక్క. ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్ళు బూడిద కావాలి. 'ఎవరి' అన్న మాటలో తాను కూడా ఉన్నానని అతను తలచలేదు. కోరిక ఎప్పుడూ ఎదుటివాణ్ణే చూస్తుంది, తనని తాను లెక్కలో వేసుకోదు.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం

ఇప్పుడు ఇదంతా కలిపి ఒక చిన్న వ్యవస్థ కట్టుకుందాం. ఒక వంశంలో పుట్టినవాళ్ళకి శబ్దం మీద పట్టు ఉంటుంది. హద్దులు: 30 అడుగుల లోపలి శబ్దం మాత్రమే, రోజుకి మొత్తం పది శ్వాసల సేపు మాత్రమే. ముగ్గురు తోబుట్టువులు. పుట్టుక ముగ్గురికీ ఒకటే ఇచ్చింది.

పెద్దవాణ్ణి నమ్మినవాడు నిలువునా ముంచాడు. ఇక ఎవరూ తనని మోసగించకూడదన్నది కోరిక. అతని శక్తి గొంతులోని అబద్ధపు వణుకుని పట్టుకోవడంగా మారింది. రెండో అమ్మాయికి చనిపోయిన తల్లి గొంతు మళ్ళీ వినాలని ఉంది. ఆమె శబ్దాన్ని వస్తువుల్లో దాచి తిరిగి పలికించగలదు. మూడోవాడు ఎప్పుడూ తిట్లు తింటూ పెరిగాడు, ఎవరి కంటా పడకూడదు, ఎవరి చెవినా పడకూడదు. అతను తన చుట్టూ నిశ్శబ్దం పరుస్తాడు.

ఇక్కడితో ఆగితే అది పట్టిక మాత్రమే అవుతుంది. వెల, సందు కూడా కోరికలోంచే రావాలి. పెద్దవాడు అబద్ధాన్ని పట్టగలడు కానీ, నిజమని నమ్మి తప్పు చెప్పేవాణ్ణి పట్టలేడు, అక్కడ వణుకు ఉండదు. అతన్ని ముంచాలంటే మోసగాడు అక్కర్లేదు, మోసపోయిన మంచివాడు చాలు. రెండో అమ్మాయి ఒక శబ్దాన్ని పలికించిన ప్రతిసారీ ఆ శబ్దం తాలూకు తన సొంత జ్ఞాపకం ఒక పొర చెరిగిపోవాలి. తల్లి గొంతు పెట్టెలో ఉంటుంది, మనసులో ఉండదు. మూడోవాడి నిశ్శబ్దం ప్రమాదంలో పడ్డ రోజున అతని కేకని కూడా మింగుతుంది.

వ్యవస్థ నిలబడిందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. పెద్దవాడి కోరికనీ మూడోవాడి కోరికనీ అటూ ఇటూ మార్చి కథని మళ్ళీ చదవండి. ప్రతి కీలక సన్నివేశం మారిపోతే కోరిక నిజంగా పని చేస్తున్నట్టు. పేర్లు మార్చితే సరిపోతుంటే, కోరిక అక్కడ అలంకారానికి ఉంది. ఇంకో పరీక్ష హద్దుల గురించి. పది శ్వాసల నియమాన్ని ఇరవై చేస్తే కథలో ఏమీ మారకపోతే ఆ నియమాన్ని ఎవరూ నిజంగా ఢీకొనలేదని అర్థం.

కథలు బెడిసికొట్టే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది చివరి యుద్ధంలో కోరికే కథనంతా గట్టెక్కించడం. హీరో నేల మీద పడతాడు, స్నేహితుల ముఖాలు గుర్తొస్తాయి, శక్తి పదింతలవుతుంది. శాండర్సన్ 2007లో తన మొదటి సూత్రంగా చెప్పిన మాట ఇక్కడికి సరిపోతుంది: మాయతో ఒక చిక్కుని సంతృప్తికరంగా విప్పగలగడం, ఆ మాయ పాఠకుడికి ఎంత అర్థమైందన్నదాని మీద ఆధారపడుతుంది. కోరిక వల్ల శక్తి పెరుగుతుందని కథ ముందే చూపి, దాని వెలని కూడా చూపి ఉంటే ఆ క్షణం రోమాలు నిక్కబొడుచుకునేలా చేస్తుంది. లేకపోతే అంతవరకూ పడ్డ శ్రమంతా నీటిపాలు.

రెండోది ఆలస్యంగా బయటపడే వంశం. సగం కథ వరకూ కష్టపడి పైకొచ్చిన అనామకుడు చివరికి పోయిన రాజు కొడుకని తేలుతుంది. దాంతో అతని కష్టానికి వెనకనుంచి వేరే అర్థం వచ్చి చేరుతుంది. రచయిత ఇచ్చింది ఒక ఆశ్చర్యం, తీసుకున్నది మొత్తం ప్రయాణం.

పుట్టుకతో వచ్చిన గుణాన్ని నీతిగా మార్చడం ఇంకా ప్రమాదకరం. ఒక జాతి మొత్తం చీకటి శక్తులతోనే పుడుతుందని, అందుకే చెడ్డదని రాసేస్తే ఆ కథలో ఎవరి కోరికకీ విలువ ఉండదు.

వాదాలు, వాటి బలాలు

పుట్టుకతో వచ్చే శక్తుల్ని విమర్శించేవాళ్ళ మాట తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. రక్తంలో గొప్పతనం ఉంటుందన్న ఆలోచన మనుషులు ఒకరినొకరు తొక్కడానికి వాడుకున్నదే. దాన్ని ఆలోచించకుండా కథలోకి తెస్తే ఆ అన్యాయానికే రంగులు అద్దినట్టవుతుంది. సమర్థించేవాళ్ళూ ఊరికే మాట్లాడటం లేదు. లోకంలో గొంతు, జ్ఞాపకశక్తి, ఒంటి బలం ఎవరికీ సమానంగా పంచి ఇవ్వలేదు. ఆ అసమానతతో మనిషి ఏం చేస్తాడన్నదే కథ అంటారు వాళ్ళు. ఉర్సులా లె గ్విన్ 1968 నవలలో గెడ్ అనే మాంత్రికుడు ఇందుకు సాక్ష్యం. అతనికి పుట్టుకతో అపారమైన శక్తి ఉంది. తోటివాడి ముందు గొప్ప చూపించుకోవాలన్న పంతంతో ఆ శక్తిని వాడితే ఒక నీడ లోకంలోకి వస్తుంది. మిగతా కథంతా దాని వెంటే. శక్తి పుట్టుకది, నీడ కోరికది. చివరికి ఆ నీడని అతను తన సొంత పేరుతోనే పిలుస్తాడు.

మూడో వాదం పుట్టుకని పూర్తిగా పక్కన పెడుతుంది. హిరోము అరకావా 2001లో మొదలుపెట్టిన 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'లో రసవిద్య చదివి నేర్చుకునేదే. పొందాలంటే అంతే విలువైనది ఇవ్వాలి. చచ్చిపోయిన తల్లిని బతికించబోయిన అన్నదమ్ముల్లో తమ్ముడు ఒంటినే కోల్పోతాడు, అన్న కాలు పోగొట్టుకుని, తమ్ముడి ఆత్మని నిలుపుకోవడానికి చెయ్యి కూడా ఇస్తాడు. పోయిన బిడ్డని తెచ్చుకోబోయిన వాళ్ళ గురువు ఇక బిడ్డని కనలేని స్థితికి వస్తుంది. పుట్టుకకి తావివ్వని ఈ వ్యవస్థలోనూ శిక్ష అందరికీ ఒకటే కాదు. ఎవరు దేనికోసం చెయ్యి చాచారో వాళ్ళకి అక్కడే తగులుతుంది.

ఈ మూడింటిలో నాకు బలమైనదిగా కనిపించేది రెండోది, ఒక షరతుతో. పుట్టుక వల్ల దక్కినదాన్ని కథ ప్రశ్నించాలి. దక్కనివాళ్ళ ముఖాలు కూడా చూపించాలి.

తనకే తెలియని కోరిక

ఇప్పటివరకూ చూసిన పాత్రల్లో చాలామందికి తమకేం కావాలో తెలుసు. శక్తి పైకి చెప్పిన కోరికని పక్కన పెట్టి లోపలి కోరికని వింటే ఏం జరుగుతుంది? ఆంద్రే తార్కోవ్‌స్కీ తీసిన 'స్టాకర్' (1979) నిజానికి సైన్స్ ఫిక్షన్ వైపు సినిమా. అయినా ఈ ప్రశ్నని దానంత సూటిగా అడిగిన కథ ఇంకోటి కనబడదు. నిషిద్ధ ప్రాంతంలో ఒక గది ఉంది. అడుగుపెట్టినవాళ్ళ అన్నిటికంటే లోతైన కోరికని అది తీరుస్తుందంటారు. ముళ్ళపంది అనే మారుపేరున్న ఒకడు, తన వల్ల చనిపోయిన తమ్ముడు తిరిగి రావాలని వేడుకోవడానికి ఆ గదిలోకి వెళ్ళాడు. ఇంటికి వచ్చాక తమ్ముడు రాలేదు, అంతులేని డబ్బు వచ్చింది. కొద్ది రోజులకే ఉరేసుకున్నాడు.

గది అబద్ధం చెప్పలేదు. అతని పుట్టుకని అడగలేదు, స్వభావాన్ని కొలవలేదు, అతను ఏడుస్తూ చెప్పిన మాటనీ వినలేదు. ఈ సంగతి తెలిసిన సినిమాలోని ఇద్దరు ప్రయాణికులు, ఒక రచయిత, ఒక ప్రొఫెసర్, అంత కష్టపడి ప్రయాణం చేసి, ఆ గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టరు.